సోమశిల ఒడ్డున మా యువజన శిబిరాలు – కొంత పూర్వచరిత్ర

శతవార్షికోత్సవ సంచికకు సంఘస్థులు కూడా వ్యాసాలు వ్రాయాలని పెద్దలు కోరినప్పుడు మేము కొంత జంకాము. 1928 జూలై 3న మద్రాసు అగ్రమేత్రాసనం నుండి విడివడి మన నెల్లూరు మేత్రాసనం ఏర్పడిన సంగతి, మిల్‌హిల్ గురువులు ఇక్కడ పడిన పాట్లు, దేవాలయాలు, బడులు, ఆసుపత్రులు వెలసిన తీరు వ్రాయడానికి మాకంటె తగినవారు అనేకులున్నారు. మేము పట్టణ విచారణలో యువజనుల బాధ్యత చూసే నలుగురం మాత్రమే. మాలో ఒకరు హైస్కూలు సైన్సు మాస్టారు, ఒకరు సిస్టరు, ఇద్దరు ఉద్యోగస్థులు. మాకు తెలిసిన చరిత్ర చాలా చిన్నది. అది సోమశిల ఒడ్డున జరిగింది. అయితే దాని వెనుక నూట ఎనభై ఏండ్ల నాటి పెద్ద చరిత్ర ఒకటి ఉన్నదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ రెండింటిని కలిపి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2021 నవంబరు నెల నెల్లూరు వాసులెవ్వరూ మరచిపోరు. ఆ నెల 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువనున్న పల్లెల్లో ప్రాణనష్టం జరిగింది. చెయ్యేరు వచ్చి కలిసేది పెన్నలోనే. ఆ నీరంతా సోమశిల జలాశయానికి చేరింది. అక్కడి నుండి 5 లక్షల క్యూసెక్కులకు పైగా క్రిందికి వదలవలసి వచ్చింది. పెన్న గట్టు ప్రక్కనున్న కాలనీలు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకొనిపోయింది, జాతీయ రహదారి తెగింది. మన సంఘస్థుల ఇండ్లలోకి కూడా నీరు వచ్చింది. వరద తీసిన తరువాత బియ్యం, దుప్పట్లు పంచడానికి యువకులు బాగా శ్రమించారు. ఆ పని ముగిసిన ఆదివారం నాడు సత్యోపదేశ తరగతిలో తొమ్మిదో తరగతి బాలిక ఒకతె లేచి అడిగింది: "సార్, పెన్నలో ఎప్పుడూ ఇసుకే చూశాం గదా. అన్ని నీళ్ళు ఎక్కడివి?"

మేము నోవహు కథ చెప్పి కూర్చోబెట్టవచ్చు. కాని ఆ పిల్ల అడిగింది నోవహు గురించి కాదు. ఆమె పుస్తకాలు, మంచం, వాళ్ళమ్మ కుట్టుమిషను నీళ్ళలో పోయాయి.

మాలోని సైన్సు మాస్టారు గుడి వసారాలో నల్లబల్ల పెట్టించి లెక్క మొదలుపెట్టారు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టి.ఎం.సి. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక పగలు ఒక రాత్రి పారితే ఒక టి.ఎం.సి. అవుతుంది. 5 లక్షల క్యూసెక్కులంటే రోజుకు 43 టి.ఎం.సి.లు. సోమశిల నిండుగా పట్టేది 78. అంటే ఖాళీ జలాశయమైనా ఆ వరదకు రెండు రోజులు పూర్తిగా ఆగదన్నమాట. పిల్లలు నోరు తెరిచారు. మాస్టారు అంతటితో వదలలేదు. పెన్న పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే, ఒక్క చుక్క కూడా ఇంకకుండా పారితే, సుమారు 2 టి.ఎం.సి.లు. 40 మిల్లీమీటర్లు పడితే సోమశిల నిండిపోతుంది. అసలు వానలో భూమిలో ఇంకేది, చెరువుల్లో నిలిచేది, ఆవిరయ్యేది ఎక్కువే గనుక ఏటా అట్లా జరగదు. భూమి నాని, చెరువులు నిండి, ఆ మీద వాన పడితే మాత్రం జరుగుతుంది. ఆ నవంబరులో జరిగినది అదే.

"ఆ డ్యాము మేం చూడలేదు సార్" అన్నారు పిల్లలు. నెల్లూరు నుండి సోమశిల సుమారు 80 కిలోమీటర్లు. తిరుపతి పోయినవారున్నారు, వేలాంగణ్ణి పోయినవారున్నారు, మద్రాసులో సముద్రం చూసినవారున్నారు. తాము త్రాగే నీరు నిలిచే చోటు చూసినవారు ఒక్కరూ లేరు. నిజం చెప్పాలంటే మాలో ఇద్దరం కూడా చూడలేదు.

2023 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, మొదటి శిబిరం జరిగింది. మన పద్ధతి ప్రకారం యువజన శిబిరాలు వేసవిలో పెట్టడం ఆనవాయితీ. కాని మే నెలలో ఆత్మకూరు మెట్టలో పిల్లలను ఎండలో త్రిప్పడం పాపం. జనవరిలో చలి తగుమాత్రంగా ఉంటుంది, జలాశయంలో నీరుంటుంది, పక్షులుంటాయి. ముప్పై ఇద్దరు పిల్లలు, ఆరుగురు పెద్దలం, ఒక బస్సు. దారిలో సంగం దగ్గర ఆగాము. పెన్న మీద నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, సంగం ఆనకట్ట 1880లలో కట్టినది. ఇప్పుడు ఆ రెండు చోట్లా కొత్త బరాజులు 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. నెల్లూరు వరి పేరు దేశమంతా తెలియడానికి ఈ ఆనకట్టలే మూలమని చెప్పి, పిల్లలచేత నీటి వేగం కొలిపించాము. కొలత సాధనమేమిటంటే ఒక ఎండు కొబ్బరిచిప్ప, ఇరవై అడుగుల తాడు, ఒకరి చేతి గడియారం. కాలువలో చిప్పను వదిలి, తాడు పొడవు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడడమే. పదిసార్లు వదిలితే పది రకాల లెక్కలు వచ్చాయి. అందులో ఏది నిజమన్న వాదన బస్సులో ఆత్మకూరు దాకా సాగింది. సగటు తీయడమెందుకో ఆ పిల్లలకు మళ్ళీ చెప్పనక్కరలేకపోయింది.

అనంతసాగరం పెద్ద చెరువు దాటి సోమశిల చేరాము. వెలిగొండల వరుసను పెన్న చీల్చుకొని తూర్పుకు వచ్చే గండి అది. కట్ట పని 1970లలో మొదలై 1980ల చివరకు నీరు నిలిచింది. ఆవలి ప్రక్క కడప జిల్లాలో సిద్ధవటం, ఒంటిమిట్ట, నందలూరు, అట్లూరు ప్రాంతాల పల్లెలు ఎన్నో ముంపులో పోయాయి. మన పొలాలకు వచ్చిన నీరు వేరొకరి ఊరి మీద నిలిచిన నీరు. ఈ మాట పిల్లలకు ముందుగానే చెప్పాము. నీటి అంచున నిలబడి ఒక అబ్బాయి చాలాసేపు చూసి, "లోపల గుళ్ళు కూడా ఉన్నాయా?" అని అడిగాడు. ఉన్నాయి, ఇండ్లున్నాయి, సమాధులున్నాయి అన్నాము.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకొనవలసి ఉన్నది. వంటపాత్రలు మోయడానికి, కట్టెలు తేవడానికి మనిషి కావాలంటే, ఒడ్డున చేపలు పట్టుకొనే యానాది తాతను ఒకరిని కూలికి మాట్లాడుకున్నాము. రోజుకింత అని కుదుర్చుకొని, పేరు కూడా అడగలేదు. మేము తెచ్చిన పుస్తకాల్లోని పక్షుల బొమ్మలు చూపిస్తూ పిల్లలకు పాఠం చెబుతుంటే, ఆయన గుండిగ తోముకుంటూ దూరంగా కూర్చున్నాడు. రెండవ రోజు ఉదయం తెచ్చిన నీళ్ళ డబ్బాలు అయిపోయాయి. నదిలో నీరు మట్టిగా ఉన్నది. మేము బస్సును అనంతసాగరానికి పంపాలని ఆలోచిస్తుండగా తాత లేచి అడవిలోకి పోయి, గుప్పెడు గింజలు తెచ్చాడు. చిల్లగింజలు. ఒక గింజను కుండ లోపలి అంచుకు రాచి, గంధం లాగా వచ్చినదాన్ని నీళ్ళలో కలియబెట్టి ప్రక్కన పెట్టాడు. గంట గడిచేసరికి మట్టి అంతా అడుగుకు దిగింది.

"నీళ్ళల్లో ఉండేది మన్నే గదబ్బయ్యా. దాన్ని అడుక్కి పంపిస్తే సరి" అన్నాడు తాత.

మాస్టారు ఆ కుండ ముందు చతికిలబడ్డారు. పట్టణాల్లో నీటి ట్యాంకుల దగ్గర పటిక వేసి చేసే పని ఇదే. బురద రేణువులన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఒకదానినొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. గింజలోని పదార్థం వాటిని కలిపి బరువెక్కించి దింపుతుంది. సూక్ష్మజీవులు మాత్రం దానితో చావవు కాబట్టి ఆ నీటిని కాచి త్రాగాము. పిల్లలు మూడు గ్లాసులు పెట్టి పరీక్ష చేశారు. ఒకదానిలో చిల్లగింజ, ఒకదానిలో పటిక, ఒకదానిలో ఏమీ లేదు. పటిక కొంచెం ముందుగా గెలిచింది, చిల్లగింజ రెండవది. మూడవ గ్లాసు సాయంత్రానికి కూడా మసకగానే ఉన్నది. ఆనాటి నుండి శిబిరంలో పాఠం చెప్పేది ఎవరో, గుండిగ తోమేది ఎవరో మారిపోయింది. మేము వంతులు వేసుకొని తోముకున్నాము.

ఆ రాత్రి చలిమంట దగ్గర తాత పిట్టల గొంతులు అనుకరిస్తూ వాటి పేర్లు చెబుతుంటే, మాలోని సిస్టరుగారు తాను ఎప్పుడో చదివిన ఒక విషయం చెప్పారు. ఇంటికి వచ్చిన తరువాత ఆ సంగతి మరికొంత చదువుకున్నాము. ఇదే మేము మొదట ప్రస్తావించిన పెద్ద చరిత్ర.

1840లలో నెల్లూరులో థామస్ కావర్‌హిల్ జెర్డన్ అనే సివిల్ సర్జన్ ఉండేవాడు. వైద్యం ఉద్యోగం, పక్షిశాస్త్రం ప్రాణం. 1862 నుండి 1864 వరకు వెలువడిన భారతదేశపు పక్షుల గ్రంథంతో ఆయన పేరు శాస్త్రలోకంలో నిలిచిపోయింది. నెల్లూరులో ఉన్న కాలంలో తూర్పు కనుమల జంతువుల గురించి, పక్షుల గురించి ఆయన యానాదుల దగ్గర కూర్చొని తెలుసుకున్నాడు. ఆయన సేకరించిన పక్షుల్లో ఒకదానిని 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ కొత్త జాతిగా వర్ణించాడు. ఆంగ్లంలో దానికి జెర్డన్ పేరే పెట్టారు. తెలుగులో దాని పేరు కలివి కోడి. కలివి పొదల చాటున మసలుతుంది గనుక ఆ పేరు. ఒంటిన మట్టిరంగు, మెడ క్రింద రెండు పట్టీలు, పొడుగు కాళ్ళు, పెద్ద కన్నులు. పగలు దాగి రాత్రి తిరుగుతుంది. ఎగరడంకంటె పరుగెత్తడమే ఎక్కువ.

దానిని మళ్ళీ చూసిన వారిలో ఒకరు సువార్త పని మీద వచ్చినవారే కావడం మన సంచిక పాఠకులకు సంతోషం కలిగించవచ్చు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన హోవర్డ్ క్యాంబెల్ రాయలసీమలో పనిచేస్తూ, పక్షులను, సీతాకోకచిలుకలను పరిశీలించేవారు. 1900లో ఆయన అనంతపురం దగ్గర ఈ పక్షిని చూశారు. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు వెదకి, ఇక ఈ జాతి లేదని వ్రాసేశారు. ప్రొటెస్టెంటు సోదరుల మిషనరీ గురించి మన సంచికలో ఎందుకని ఎవరైనా అనుకుంటే, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పందొమ్మిదో శతాబ్దంలోనే అమెరికన్ బాప్టిస్టు మిషను వారు పనిచేశారనీ, ఈ మెట్టలో సువార్త ఒక్కరి సొత్తు కాదనీ మనవి చేస్తున్నాము.

86 ఏండ్లు గడిచాయి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, అంటే వెలిగొండలకు ఆవలి ప్రక్కన, పెన్న లోయలోనే, కలివి కోడి దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు పల్లె పల్లెకు తిరిగి, బొమ్మ చూపి అడిగాడు. రాత్రి దీపం వెలుగులో దానిని పట్టి తెచ్చినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రజ్ఞులకు కనబడకపోవడానికి కారణం చాలావరకు తేలికైనదే. రాత్రి తిరిగే పిట్టను వారు పగలు వెదికారు. ఊరివారికి దాని సంగతి తెలుసు. వారిని అడిగినవారు లేరు. పట్టిన పక్షి బ్రతకలేదన్నది విచారకరం. కాని ఆ వార్త వలన లంకమల అడవి అభయారణ్యమైంది. ఆ తరువాత తెలుగు గంగ కాలువ ఆ పొదల మీదుగా పోవలసి వస్తే, దాని దారిని కూడా మార్చారు. కృష్ణా నీరు శ్రీశైలం నుండి వెలుగోడు, బ్రహ్మంసాగరం మీదుగా సోమశిలకు, అక్కడి నుండి కండలేరుకు, కండలేరు నుండి మద్రాసుకు పోయే కాలువ ఇదే. 1983లో మొదలుపెట్టిన ఆ పథకం నీరు 1996లో తమిళనాడుకు చేరింది. ఒక పిట్ట కోసం కాలువ వంక తిరిగిందంటే మా పిల్లలు ముందు నవ్వారు, తరువాత నమ్మారు. 2008 ప్రాంతం తరువాత మళ్ళీ చాలాకాలం దాని జాడ లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు రాత్రివేళ దాని కూతను రికార్డు చేశారన్న వార్త వచ్చిన రోజు మా విచారణలో కుర్రవాళ్ళు పొద్దున పూజకు ముందే మాకు ఫోన్లు చేశారు. క్రికెట్ మ్యాచి గెలిచినా అంత హడావిడి చేయలేదు.

సిస్టరుగారు ఈ కథ చెప్పిన తరువాత ఒక అబ్బాయి అడిగాడు: "జెర్డన్‌కి చెప్పిన యానాదుల పేర్లేంటి?" దానికి జవాబు మా దగ్గర లేదు. అప్పుడే ఇంకొకడు మెల్లగా, "తాత పేరేంటి?" అన్నాడు. దానికీ లేదు. ఇద్దరి మధ్యా నూట ఎనభై ఏండ్లున్నా, మేమూ ఆ పాత వరుసలోనే నిలబడి ఉన్నామని మాకు తెలిసిపోయింది. తాత నవ్వి పేరు చెప్పాడు. ఆ పేరు మా శిబిరం పుస్తకంలో ఉన్నది. అచ్చులో వేయవద్దని ఆయన కోరినందున ఇక్కడ వ్రాయడం లేదు.

కలివి కోడిని వెదికే పరిశోధకులు తరువాతి కాలంలో ఒక చక్కని ఉపాయం చేశారు. పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి ఆ మట్టి మీద కాలి గుర్తులు చూడడం. పక్షిని బెదరించనక్కరలేదు, పట్టనక్కరలేదు. మేము రెండవ శిబిరంలో నది ఇసుకతో అదే చేశాము. సాయంత్రం ఆరడుగుల పట్టీలు ఐదు చదును చేసి, ప్రక్కన మా పిల్లలకు కాపలా పెట్టకుండా పడుకున్నాము. తెల్లవారి చూస్తే ఎక్కువగా ఉన్నవి మా చెప్పుల గుర్తులే. రాత్రి బయటికి వెళ్ళినవారెవరో గుర్తులను బట్టి పిల్లలు తేల్చేశారు, అందులో మా మాస్టారు కూడా ఉన్నారు. మూడవ రోజుకు కుందేలు, ముంగిస, తీతువు పిట్ట, ఊరకుక్క కనబడ్డాయి. కలివి కోడి కనబడలేదు. కనబడుతుందని మేము పిల్లలకు చెప్పనూ లేదు. లేనిదానిని ఉన్నదని వ్రాయకపోవడం కూడా నేర్చుకొనవలసినదే. ఒకడు తీతువు అడుగును పెద్దది చేసి గీసి తెస్తే, తోటివారే కొలబద్ద పెట్టి సరిచేశారు.

ఈ శిబిరాల మీద విచారణలో ఆక్షేపణలు రాకపోలేదు. జపమాల, పాటల పోటీలు, నాటికలు ఉండవలసిన చోట పిట్టలు, రాళ్ళు ఏమిటని కొందరు పెద్దలు అడిగారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. మొదటి శిబిరంలో మేము ఉదయ ప్రార్థనను నిజంగానే హడావిడిగా ముగించాము. తరువాత దానిని సరిదిద్దుకున్నాము. అంతకంటె పెద్ద చిక్కు ఒక రాయితో వచ్చింది. వెలిగొండ క్వార్ట్‌జైటు పలక ఒకదాని మీద అలల గుర్తులున్నాయి, ఇసుకలో నిన్న సాయంత్రం నీరు గీసినట్లుగానే ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ లోతులేని సముద్రం ఉండేదని, ఆ రాయి వయస్సు వంద కోట్ల ఏండ్లకు పైబడినదని మాస్టారు చెప్పారు. ఒక బాలుడు ఇంటికి పోయి, దేవుడు ఆరు రోజుల్లో సృష్టించినది అబద్ధమట అని చెప్పాడు. తల్లిదండ్రులు మరుసటి ఆదివారం విచారణ గురువులను కలిశారు. ఫాదర్‌గారు కోపపడలేదు. వారిని, ఆ బాలుడిని, మమ్మల్ని కూర్చోబెట్టి, ఆదికాండం సృష్టి ఎవరి పనియో చెబుతుంది గాని గడియారం చూసి వ్రాసిన దినచర్య కాదని వివరించారు. వంశపారంపర్య నియమాలను బఠాణీ మొక్కలలో కనుగొన్న మెండెల్ మఠవాసి గురువు అని, విశ్వం వ్యాపిస్తున్నదని 1927లో ప్రతిపాదించిన లెమైత్రు కూడా బెల్జియం దేశపు కతోలిక గురువేనని చెప్పారు. ఆ తండ్రిగారు పూర్తిగా ఒప్పుకున్నారో లేదో మాకు తెలియదు. కొడుకును మాత్రం మరుసటి ఏడు పంపారు. ఉన్ని దుప్పటి కూడా ఇచ్చి పంపారు.

ఇక భయపడిన సంగతి. 2024 శిబిరంలో, మధ్యాహ్న భోజనం తరువాత, ఇద్దరు కుర్రవాళ్ళు చెప్పకుండా కట్టకు దిగువన నదిలో దిగారు. మడమ లోతు నీరే కదా అనుకున్నారు. వరదలకు దిగువన నది అడుగు ఎక్కడికక్కడ గుంటలు పడి ఉన్నది. ఒకడు అడుగు తప్పి మడుగులో పడ్డాడు. తాత అల్లుడు వలతాడు విసిరి లాగాడు. అర నిమిషం వ్యవహారం. పిల్లవాడికి ఏమీ కాలేదు. కాని ఆ రాత్రి మేము నలుగురం నిద్రపోలేదు. తప్పు వాళ్ళది కాదు, తల లెక్క చూసుకొనని మాది. అప్పటి నుండి గంటకొకసారి తలల లెక్క, ఇద్దరిద్దరుగా జంటలు, నీటి దగ్గర తాడు, ఈత వచ్చిన పెద్దవారు ఇద్దరు. నీటిలో దిగడం అసలే లేదు. పిల్లలను బయటికి తీసుకొనిపోయే ఇతర విచారణలవారు దయచేసి దీనిని మా అనుభవంతోనే నేర్చుకోవాలి.

ఉదయగిరికి ఒక్క రోజే కేటాయించాము, అది చాలలేదు. 3,079 అడుగుల కొండ మీద దుర్గం. గజపతుల చేతిలో నుండి దానిని గెలవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర ముట్టడి పట్టింది. 1514లో లొంగింది. అంతకాలం కోటలోని సైన్యం ఎట్లా నిలిచిందంటే, కొండ మీద కోనేళ్ళు, ఊటలు ఉన్నాయి గనుక. ఎక్కుతూ చెమట పట్టిన పిల్లలు ఈ సంగతి వెంటనే గ్రహించారు. దిగిన తరువాత ఊరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే ఇండ్లకు వెళ్ళాము. నర్ది, బిక్కి వంటి అడవి కర్రతో చేసే ఆ పనికి 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. చెంచా కాడ మీద జాలీ చెక్కుతున్న ఒక అక్క మా పిల్లల చేతికి ఉలి ఇచ్చింది. మూడు కర్రలు విరిగాయి. నాలుగోసారి ఇవ్వలేదు.

రాత్రులు ఆకాశం చూడడం శిబిరంలో అందరికీ ఇష్టమైన పని. నెల్లూరులో వీధి దీపాల క్రింద పెరిగిన పిల్లలు సోమశిలలో మొదటి రాత్రి కాసేపు మాట్లాడలేదు. మేము దూరదర్శిని తెచ్చాము గాని, అది లేకపోయినా జరిగేది. జనవరిలో గొల్లకావడి నడినెత్తికి వస్తుంది, ప్రక్కనే పిల్లలకోడి. దక్షిణాన అగస్త్య నక్షత్రం. అగస్త్యుడు ఉదయిస్తే నీళ్ళు తేరుతాయని పెద్దలనే మాట తాతకు కూడా తెలుసు. వానలు వెనుకబడే కాలంలో అది పొడుస్తుంది గనుక ఆ మాటలో లెక్క ఉన్నదని మాస్టారు అన్నారు. శాస్త్రమంటే ఎక్కడో విదేశాల్లో జరిగేదని పిల్లల్లో ఒక అభిప్రాయం ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరుకే వచ్చాడనీ, సూర్యునిలో హీలియం ఉన్నదన్న విషయం బయటపడిన కథ ఆ గ్రహణంతోనే మొదలైందనీ చెబితే ఆశ్చర్యపోయారు. 2022 వరకు మన జిల్లాలో ఉన్న శ్రీహరికోట ఉండనే ఉన్నది. అక్టోబరు 4 పునీత ఫ్రాన్సిస్ అస్సీసీ పండుగ. 1957లో మొదటి స్పుత్నిక్ ఎగిరినదీ ఆ తేదీనే. అందుకని అంతరిక్ష వారోత్సవాలు ఆనాడే మొదలవుతాయి. 1979లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఫ్రాన్సిస్‌ను పర్యావరణానికి పాలక పునీతునిగా ప్రకటించారు. మా విచారణలో ఇప్పుడు ఆ రోజు ఉదయం పూజ, సాయంత్రం ఆకాశ దర్శనం. రాకెట్ల కేంద్రం కోసం ఖాళీ చేసిన శ్రీహరికోట దీవిలో ముందు నుండి ఉన్నవారు కూడా యానాదులేనని ఆ సాయంత్రం చెప్పడం మానము.

శాస్త్రాన్ని బడి గోడలు దాటించి ఈ మెట్టలోకి తెచ్చినవారు మాకు ముందు కూడా ఉన్నారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు 1991 నాటి నెల్లూరు అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా తిరిగారు. కలిగిరి ప్రక్క దూబగుంటలో చదువు నేర్చిన స్త్రీలు 1992లో సారా మీద తిరగబడిన కథ అక్కడ మొదలైనదే. అది వేరే వ్యాసం కావలసినంత పెద్దది.

మాది చిన్న పని. శిబిరం పుస్తకం అని చెప్పాము గదా, అది రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు. మొదటి ఏడాది అందులో నాలుగు గళ్ళే గీశాము: తేదీ, చోటు, చూసినది, కొలిచినది. చలిమంట రాత్రి తరువాత, పెన్న నీళ్ళు ఎక్కడివని అడిగిన ఆ బాలికే స్కేలు పెట్టి అయిదవ గడి గీసింది. దాని మీద "చెప్పినవారు" అని వ్రాసింది. చిల్లగింజకు ఎదురుగా తాత పేరు ఉన్నది. కొయ్య చెంచాకు ఎదురుగా ఉదయగిరి అక్క పేరు, వలతాడు ముడికి ఎదురుగా తాత అల్లుడి పేరు, అలల గుర్తుల రాతికి ఎదురుగా మాస్టారి పేరు ఉన్నాయి. ముంపు పల్లె నుండి వచ్చి అనంతసాగరంలో స్థిరపడిన ఒక అవ్వ, తమ ఊరి బావి నీటి రుచి ఎట్లా ఉండేదో చెప్పింది. దాని ప్రక్కన "కొలిచినది" గడి ఖాళీగా వదలి, ఆమె పేరు మాత్రం వ్రాశారు. జెర్డన్ పేజీలో ఆ గడి ఖాళీగా ఉన్నది. ఎవరో పెన్సిలుతో అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టారు. మేము చెరపలేదు.